టై కట్టుకున్నాయన డాక్టరు కాదు

అమ్మకి పిత్తాశయంలో రాళ్లుంటే ఆపరేషన్ చేశారు. మర్నాడు పొద్దున్న వార్డులో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ముప్పై దాటి రెండు మూడేళ్లుంటాయేమో, ఒకమ్మాయి లోపలికొచ్చింది. కాటన్ చుడీదార్, దాని మీద నలిగిన తెల్లకోటు, వెనక్కి వేసుకున్న జడ, కాళ్లకు మామూలు చెప్పులు. కేసుషీటు చూసింది. కట్టు పక్కన వేళ్లతో మెల్లగా నొక్కి, "నొప్పెలా ఉందమ్మా? నిద్ర పట్టిందా?" అని అడిగింది. అమ్మ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "సిస్టరమ్మా, నాకు ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు గారు ఎప్పుడొస్తారు?" అంది.

"చేసింది నేనేనమ్మా," అంది ఆ అమ్మాయి. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. ఈ మాట ఆమె రోజుకు ఎన్నిసార్లు చెబుతుందో వింటుంటేనే తెలిసిపోయింది.

అరగంట తర్వాత వరండాలో ఇంకొకటి చూశాను. ఇస్త్రీ మడత నలగని చొక్కా, టై, పాలిష్ చేసిన బూట్లు, చేతిలో తోలు బ్యాగు, అలా ఒకాయన నడిచొస్తున్నాడు. బెంచీ మీదున్న పేషెంట్లలో నలుగురైదుగురు లేచి నిలబడ్డారు. ఒక పెద్దాయన నమస్కారం కూడా పెట్టాడు. వచ్చినాయన మెడికల్ రెప్. ఆయన కూడా వాళ్లలాగే డాక్టరు కోసం వచ్చి, వాళ్ల వెనకే నిలబడ్డాడు.

అదే వార్డులో సెలైన్ మార్చడానికి వచ్చిన మగ నర్సును ఆసుపత్రివాళ్లు "బ్రదర్" అని పిలుస్తారు. పేషెంట్లు మాత్రం ఆయన్ని "డాక్టరు గారూ" అంటారు. ఆయన ఎన్నిసార్లు కాదన్నా అంతే.

వాళ్లంతా అమాయకులని కాదు. ఆ క్షణంలో నేనూ అమ్మలాగే అనుకున్నాను. అడగలేదు, అంతే తేడా. ఉద్యోగం పేరు వినగానే మనకో రూపం కనబడుతుంది, ఆ రూపానికో బట్ట, ఆ బట్టకో బండి. రూపమో బండో కనిపిస్తే ఉద్యోగం మనమే తేల్చేస్తాం. మనసు ఈ పని ఎందుకు చేస్తుందో, ఎక్కడ తప్పుతుందో శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు.

ముందు మనసు చేసే ఈ పనికి ఉన్న పేరు సంగతి. స్టీరియోటైప్ అనేది అచ్చుయంత్రాలవాళ్ల మాట. 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో దిదో కుటుంబం నడిపిన ముద్రణ పనిలోంచి వచ్చింది. పేజీకి కావలసిన సీసపు అక్షరాలన్నీ పేర్చాక, ఆ పేజీ మొత్తానికి ఒక అచ్చు తీసి అందులో కరిగిన లోహం పోస్తే గట్టి పలక ఒకటి తయారవుతుంది. ఇక ఎన్ని వేల ప్రతులైనా దాంతోనే కొట్టుకోవచ్చు. అయితే విడి అక్షరాన్ని తీసి ఇంకోటి పెట్టినంత తేలిగ్గా ఆ పలకను దిద్దలేరు. 1922లో అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 'పబ్లిక్ ఒపీనియన్' అనే పుస్తకంలో ఆ మాటను మనుషుల ఆలోచనకు తెచ్చి పెట్టాడు. లోకాన్ని మనం నేరుగా చూడం, తలలో ముందే ఉన్న బొమ్మల మీదుగా చూస్తాం అని ఆయన వాదన. మన భాషలో దీనికి 'మూస' అనే మాట కుదిరింది. మూసలో పోశాక ఏ లోహమైనా ఆ ఆకారానికే వస్తుంది.

ఉద్యోగానికి ఈ మూసబలం ఎందుకంత ఎక్కువో చెప్పే చిన్న ప్రయోగం ఒకటి 1987లో బ్రిటన్‌లో జరిగింది. కొత్త ముఖాలు చూపించి, వాళ్ల ఇంటిపేర్లూ ఉద్యోగాలూ గుర్తుపెట్టుకోమన్నారు. అందులో కిటుకేమిటంటే కొన్ని మాటలు రెండింటికీ పనికొస్తాయి. 'బేకర్' అంటే ఒక ఇంటిపేరు, రొట్టెలు కాల్చే పని కూడా. మాట అదే, ముఖం అదే. అయినా 'ఈయన పేరు బేకర్' అని చెబితే మరిచిపోయినవాళ్లు, 'ఈయన బేకర్ పని చేస్తాడు' అన్నప్పుడు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు. పేరు ఒట్టి శబ్దం. పని అనగానే పొయ్యి, పిండి అంటిన చేతులు, వేడి, వాసన అన్నీ కలిసి వస్తాయి. ఉద్యోగం పేరుకు మన జ్ఞాపకంలో అన్ని కొక్కేలున్నాయి. ఆ కొక్కేలకు మనం చూడనివి కూడా వచ్చి తగులుకుంటాయి.

చూడనివి తగులుకోవడమంటే ఏమిటో క్లాడియా కోహెన్ అనే పరిశోధకురాలు 1981లో చూపించింది. ఒకావిడ భర్తతో కలిసి పుట్టినరోజు భోజనం చేస్తున్న వీడియో తీశారు. చూసేవాళ్లలో సగం మందికి ఆమె హోటల్లో వడ్డించే పని చేస్తుందని చెప్పారు, మిగతా సగానికి లైబ్రేరియన్ అన్నారు. వీడియోలో రెండు రకాల వివరాలూ కావాలనే సమానంగా పెట్టారు. వెయిట్రెస్ అని విన్నవాళ్లకు ఆమె బీరు తాగడం బాగా గుర్తుంది. లైబ్రేరియన్ అని విన్నవాళ్లకు కళ్లద్దాలు, ఆమె వినే శాస్త్రీయ సంగీతం గుర్తున్నాయి. ఒకే వీడియో, ఒకే మనిషి. ఉద్యోగం పేరు ఒక్కటి మారితే జ్ఞాపకం రెండు దారులు పట్టింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టిన ప్రయోగం ఇదే. కళ్లారా చూస్తే అపోహ పోతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఇక్కడ కళ్లారా చూసినవాళ్లే అపోహకు సాక్ష్యాలు ఏరుకున్నారు. మూసకు సరిపోయేది మనసులో నిలుస్తోంది, సరిపోనిది జారిపోతోంది. పైగా తీర్పుకు పట్టే సమయం చాలా తక్కువ. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జానీన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడోరోవ్ 2006లో ముఖాలను సెకనులో పదోవంతు సేపే చూపించారు. ఇతను నమ్మదగినవాడా, సమర్థుడా అని చెప్పడానికి ఆ కాస్త సమయం చాలింది. ఇంకా ఎక్కువ సేపు చూపిస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు, ఆ అభిప్రాయం మీద ధీమా మాత్రం పెరిగింది.

ఈ మూసలు ఏ వయసులో పడతాయి? ఆస్ట్రేలియా పరిశోధకుడు డేవిడ్ వేడ్ చాంబర్స్ 1966 నుంచి 1977 దాకా 4,807 మంది చిన్నపిల్లలతో శాస్త్రవేత్త బొమ్మ గీయించాడు. తెల్లకోటు, కళ్లద్దాలు, గడ్డం, చుట్టూ గాజు సీసాలు. ఆడ శాస్త్రవేత్తను గీసిన బొమ్మలు మొత్తం 28. ఆ 28 కూడా ఆడపిల్లలు గీసినవే. ఒక్క మగపిల్లాడి బొమ్మలోనూ స్త్రీ లేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా పిల్లలు గీసిన బొమ్మలన్నీ కలిపి 2018లో లెక్క తీస్తే, ఆడ శాస్త్రవేత్తల వాటా సగటున నూటికి 28కి చేరింది. మూస కరగదని కాదు, కరగడానికి ఒక తరం పడుతుంది.

మన దేశంలో ఆ మూసను గట్టిగా కుదిపిన ఫొటో ఒకటి గుర్తుండే ఉంటుంది. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ కుజగ్రహ కక్ష్యలోకి చేరిన రోజు, బెంగళూరు ఇస్రోలో పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకున్న ఆడవాళ్లు ఒకరినొకరు అభినందించుకుంటున్న ఫొటో. శాస్త్రవేత్తంటే ఇలా కూడా ఉంటారని ప్రపంచమంతా చెప్పుకుంది. తర్వాత ఇస్రో వివరణ ఇచ్చింది: ఫొటోలో ఉన్నది పరిపాలనా విభాగం ఉద్యోగినులు. మహిళా శాస్త్రవేత్తలు నిజంగానే ఆ ప్రాజెక్టులో పనిచేశారు, కాకపోతే ఆ ఫొటోలో లేరు. రీతూ కరిధాల్ ఆ మిషన్‌కు డిప్యూటీ ఆపరేషన్స్ డైరెక్టర్, తర్వాత చంద్రయాన్-2కు మిషన్ డైరెక్టర్. ఒక మూసను పగలగొడుతున్నామన్న సంబరంలో కూడా మనం చూపుతోనే ఉద్యోగం తేల్చాం. నేనూ ఆ ఫొటోను అలాగే నలుగురికి పంపాను.

ఇక బండి దగ్గరికి వద్దాం. ముఖం మనం ఎంచుకున్నది కాదు, బండిని ఎంచుకుంటాం. అందుకే బండి మనిషి గురించి ఎక్కువ చెబుతుందని అందరూ నమ్ముతారు. మన దేశంలో ఒక తరానికి కారంటే అంబాసిడర్. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో తయారై, 2014లో ఆగిపోయింది. తెల్ల అంబాసిడర్, పైన ఎర్రబుగ్గ ఉంటే లోపల ఎవరున్నారో చూడకుండానే ఊరు పక్కకు తప్పుకునేది. నిజానికి చాలాసార్లు లోపల ఉన్నది డ్రైవరొక్కడే. 2017 మే 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ఎర్రబుగ్గలు తీసేయించింది. బుగ్గ పోయింది గాని మూస పోలేదు, తెల్ల స్కార్పియోలోకీ ఫార్చ్యూనర్‌లోకీ ఎక్కి కూర్చుంది. ఇప్పుడు మన ఊళ్లలో తెల్ల చొక్కా, తెల్ల పెద్దబండి అంటే నాయకుడనే లెక్క. బొలెరో అయితే కాంట్రాక్టరో మోతుబరి రైతో. పాత ఆల్టో అయితే బడిపంతులు.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో కాస్త నెమ్మదిగా చూడాలి, అసలు మెలిక ఇక్కడే ఉంది. ఒక పట్టణం ఊహించుకోండి. అందులో నాయకులు 50 మంది, కార్లున్న మిగతావాళ్లు 5,000 మంది అనుకుందాం. నాయకుల్లో నూటికి 60 మందికి తెల్ల పెద్దబండి ఉందనుకుంటే అవి 30 బండ్లు. మిగతావాళ్లలో నూటికి నలుగురికే ఉందనుకుంటే అవి 200 బండ్లు. అంటే 'నాయకులు తెల్ల బండ్లలో తిరుగుతారు' అన్న మాట ఈ పట్టణంలో నిజమే. కాని వీధిలో మీకు కనిపించిన తెల్ల బండి నాయకుడిది అయ్యే అవకాశం 230లో 30, అంటే నూటికి 13. మిగతా 87 సార్లు అది డెంటిస్టుదో, బియ్యం మిల్లు యజమానిదో, పెళ్లికి అద్దెకు తెచ్చిందో. ఉద్యోగం నుంచి బండికి వెళ్లే దారి వేరు, బండి నుంచి ఉద్యోగానికి వచ్చే దారి వేరు. మన మనసుకు మాత్రం రెండూ ఒకే దారిలా అనిపిస్తాయి.

డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1973లో ఈ పొరపాటునే పట్టుకున్నారు. ఒక గుంపులో 30 మంది ఇంజినీర్లు, 70 మంది లాయర్లు ఉన్నారని కొందరికి చెప్పారు, ఇంకొందరికి ఆ అంకెలు తిరగేసి చెప్పారు. తర్వాత ఆ గుంపులోంచి ఒకతని వర్ణన ఇచ్చారు: జాగ్రత్తపరుడు, రాజకీయాలు పట్టవు, తీరిక దొరికితే వడ్రంగం పనీ లెక్కల పొడుపుకథలూ. ఇతను ఇంజినీరయ్యే అవకాశం ఎంత అని అడిగితే, రెండు జట్లూ దాదాపు ఒకే జవాబు చెప్పాయి. ఎవరెంతమంది ఉన్నారన్న అంకెను వర్ణన మింగేసింది. ఇంకా గట్టి సంగతి: ఉద్యోగం గురించి ఏ ఆనవాలూ లేని వర్ణన ఇచ్చినప్పుడు కూడా అంకెల్ని పట్టించుకోకుండా 'సగం సగం' అన్నారు. ఇలాంటి పరిశోధనలకే కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ట్వెర్‌స్కీ అప్పటికి ఆరేళ్ల కిందట చనిపోయాడు.

బండిని చూసి మన మర్యాద ఎలా మారుతుందో కూడా కొలిచారు. 1968లో ఆంథోనీ డూబ్, అలన్ గ్రాస్ కాలిఫోర్నియాలో కూడళ్ల దగ్గర ఆకుపచ్చ దీపం పడ్డాక కూడా కారు కదపకుండా నిలిపి ఉంచారు. ఒకసారి మెరిసే కొత్త క్రైస్లర్ ఇంపీరియల్, ఇంకోసారి పాతబడిన కారు. కొత్త కారు వెనక ఉన్నవాళ్లలో సగం మంది హారన్ ముట్టుకోకుండా ఓపిక పట్టారు. పాత కారు వెనక ఉన్నవాళ్లలో ఎక్కువమంది మోగించారు. ఇద్దరైతే హారన్ కూడా కొట్టకుండా వెనక బంపర్‌ను గుద్దారు. ఇలాంటి పరిస్థితిలో మీరేం చేస్తారని విద్యార్థుల్ని అడిగితే, ఖరీదైన కారు మీదే ముందు హారన్ కొడతామని అబ్బాయిలు చెప్పారు. మన మర్యాద బండిని బట్టి వంగుతోందని మనకే తెలియదు.

మూస వ్యాపారాన్ని కూడా దెబ్బతీస్తుంది. వానలో ఒకే స్కూటరు మీద తడుస్తూ వెళుతున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు కలిగిన ఆలోచనే నానో. 2008లో లక్ష రూపాయల కారంటూ ప్రకటించారు. 2018కల్లా తయారీ దాదాపు ఆగిపోయింది. కారణాలు చాలానే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరు నుంచి కర్మాగారం తరలించాల్సి రావడం, కొన్ని కార్లకు నిప్పంటుకోవడం అందులో ఉన్నాయి. కాని అన్నిటికన్నా చౌక కారని ప్రచారం చేయడం పొరపాటని టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. కారు కొనుక్కునే కుటుంబం వాన నుంచి రక్షణతో పాటు వీధిలో ఒక మెట్టు పైకి వెళ్లడం కూడా కోరుకుంది. 'ఇది లేనివాళ్ల కారు' అన్న ముద్ర పడ్డాక, కొనగలిగినవాళ్లు పాత మారుతిని వెతుక్కున్నారు.

మరి బండికీ మనిషికీ సంబంధమే లేదా అంటే, ఉంది. లేదని చెప్పడం కూడా మూసే అవుతుంది. తాపీమేస్త్రీ బండిలో ఇసుక ఉంటుంది. ఊరూరా తిరిగే పశువైద్యుడు ఎత్తు తక్కువ కారు కొనడు. పనికి తగ్గ బండి కొనడం ఇంగితం. హెల్సింకి విశ్వవిద్యాలయానికి చెందిన యాన్-ఎరిక్ లోన్‌క్విస్ట్ బృందం 1,892 మంది ఫిన్లాండ్ కారు యజమానుల స్వభావాలను పరిశీలించింది. ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ నడిపే మగవాళ్లలో మొండితనం, ఎదుటివాళ్లను పట్టించుకోనితనం కొంత ఎక్కువని తేలింది. అక్కడితో ఆగితే జనం అనుకునేదే నిజమనిపించేది. అదే పరిశోధనలో, క్రమశిక్షణతో నమ్మకంగా పని చేసుకునే స్త్రీపురుషులు కూడా అవే కార్లు కొంటున్నారని తేలింది. ఒకే బండి, రెండు పూర్తిగా వేరే రకాల మనుషులు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు.

డబ్బు సంగతైతే ఇంకా తారుమారు. థామస్ స్టాన్లీ, విలియం డాంకో అమెరికాలో కోటీశ్వరుల మీద ఏళ్లతరబడి సర్వేలు చేసి 1996లో పుస్తకం వేశారు. వాళ్లు ఎక్కువగా నడుపుతున్న కార్లలో మొదటి స్థానం ఫోర్డ్‌ది. వాల్‌మార్ట్ స్థాపించిన శామ్ వాల్టన్ 1979 నాటి ఫోర్డ్ పికప్ ట్రక్కులోనే తిరిగాడు. ఇప్పుడది ఆర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో మ్యూజియంలో ఉంది. పై పటారం లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ సామెతను తిరగేసినా నిజమేనని ఈ పుస్తకం చెబుతోంది.

డాక్టరంటే తెల్లకోటు అన్న మూస కూడా అనాదిగా ఉన్నది కాదు. అమెరికన్ చిత్రకారుడు థామస్ ఈకిన్స్ 1875లో ఒక శస్త్రచికిత్స గదిని చిత్రించాడు, 1889లో ఇంకొకదాన్ని. మొదటిదాంట్లో డాక్టర్లు నల్లకోట్లలో ఉన్నారు, రెండోదాంట్లో తెల్లబట్టల్లో. ఆ పద్నాలుగేళ్లలో సూక్ష్మక్రిముల గురించి తెలిసింది, శుభ్రత మీద పట్టుదల పెరిగింది, నలుపు తెలుపయ్యింది. ముందుతరం పేషెంటు తెల్లబట్టల డాక్టరును చూస్తే ఎవరో అనుకునేవాడేమో.

ముఖం చూసి మనిషిని తేల్చడం ఒకప్పుడు శాస్త్రమనే పేరుతోనే చలామణి అయింది. 1876లో ఇటలీ వైద్యుడు చెజారె లొంబ్రోజో పుట్టు నేరస్థుడికి ప్రత్యేక ముఖ లక్షణాలుంటాయన్నాడు. 1913లో చార్లెస్ గోరింగ్ మూడు వేలమందికి పైగా ఇంగ్లిష్ ఖైదీలను కొలిచి చూసి, అలాంటి ప్రత్యేక ముఖమేదీ లేదని తేల్చాడు. అంతకన్నా ముందే 1831లో బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ తన యాత్రకు వస్తానన్న ఇరవై రెండేళ్ల కుర్రాడి ముక్కు చూసి సందేహపడ్డాడు. అలాంటి ముక్కున్నవాడికి ఇంత ప్రయాణానికి కావలసిన పట్టుదల ఉండదని ఆయన నమ్మకం. చివరికి ఎలాగో ఒప్పుకున్నాడు. ఆ కుర్రాడు చార్లెస్ డార్విన్. ఈ సంగతి డార్విన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఒక ముక్కు ఆకారం మీద జీవపరిణామ సిద్ధాంతం గతి వేలాడింది.

డార్విన్‌ను ఓడ ఎక్కనిచ్చారు. ఎక్కనివ్వనివాళ్ల పేర్లు మనకు తెలియవు. ఇంటర్వ్యూ గదిలో 'ఈ పిల్ల సైట్ ఇంజినీరు పనికి తట్టుకోగలదా' అనిపించిన క్షణంలో, 'ఈ బండిలో వచ్చినాయన ఏం కొంటాడులే' అని షోరూమ్ కుర్రాడు మొహం తిప్పుకున్న క్షణంలో, సెకనులో పదోవంతు తీర్పులు జరిగిపోతూనే ఉన్నాయి. ఆ తీర్పును రాకుండా ఆపలేం, మెదడు పనే అది. దాని వెంట వచ్చే మాటను మాత్రం ఆపగలం. ఆ మధ్యలో ఒక ప్రశ్నకు చోటుంది.

డిశ్చార్జి రోజున అమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "డాక్టరమ్మా, నిన్ను సిస్టరన్నానని ఏమీ అనుకోకు తల్లీ," అంది. "సిస్టర్ అంటే తక్కువేం కాదమ్మా. మీకు రాత్రంతా సెలైన్ చూసింది వాళ్లే," అంది ఆమె. ఆ మాటకు అమ్మ పక్క మంచం దగ్గరున్న నర్సు వైపు తిరిగి, మూడు రోజుల్లో మొదటిసారి ఆమె పేరు అడిగింది.

ఈసారి మీరు ఏ ఆసుపత్రికి వెళ్లినా, మంచం దగ్గరికి వచ్చినవాళ్లను ఏదో ఒకటి పిలిచే ముందు వాళ్ల బ్యాడ్జీ మీద రాసింది చదవండి. అక్షరాలు ఆనకపోతే "మీ పేరేమిటమ్మా, మీరు ఇక్కడ ఏం చేస్తారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు.